సద్దుల నాటి జడ్తీ

మలీద ముద్దలకు రొట్టెను వేడి మీదనే నలపాలి. చల్లారిందంటే బెల్లం పట్టదు. బాలనాగమ్మ వేళ్ళు చుర్రుమంటున్నా ఊదుకుంటూ నలుపుతోంది. ఇవి కట్టేసి గిన్నెలో పెట్టుకుంటే ఇక బండెక్కడమే. వాకిట్లో తమ్ముడు శ్రీశైలం ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు. సద్దుల బతుకమ్మకు అక్కను తోలుకుపోవడానికి చీకటితోనే పుట్టినూరు వీపనగండ్లలో బండి కట్టి వచ్చాడు. పొద్దు నెత్తి మీదికి రాకముందే బయలుదేరితే ఆట వేళకు ఊరు అందుకోవచ్చు.

"జర జల్ది కానియ్యక్కా. అమ్మ నిన్నటి సంది కడపల కూసుంది. ఈ ఏడన్న బిడ్డ వస్తదా, మల్ల ఏదో ఒక సాకు చెప్తదా అని ఒకటే పాట."

"వస్తున్ననురా, ఇంకేం సాకు!" అని బాలనాగమ్మ నవ్వింది. తలంటి పోసుకుని, జడ వేసి, బంతిపూలు కూడా తురుముకుంది. ఒంటి మీద అమ్మ పెట్టిన గద్వాల చీర ఉంది. ఆమెను చూస్తే పుట్టింటికి పోయే మనిషని ఎవరైనా చెప్తారు.

సరిగ్గా అప్పుడే ఠాణా జవాను గోవిందు గడప బయట నిలబడి దగ్గాడు. అతను దగ్గాడంటే సంగతి ఏమిటో ఆమెకు తెలుసు. "అమ్మా, జమాదారు సాబ్ రమ్మంటుండు. దొర గడిల సొమ్ము పోయింది. ఆడోళ్ళ జడ్తీ ఉంది" అన్నాడు, తమ్ముడికి వినపడకుండా గొంతు తగ్గించి. పాపం, అతనికైనా ఆ మాత్రం తెలుసు.

జడ్తీ అంటే ఒంటి మీద వెతుకులాట. మొగవాళ్ళనైతే జవాన్లు చూస్తారు. ఆడవాళ్ళను ఆడమనిషే చూడాలని సర్కారు కాయిదా. కాయిదా పెట్టిన సర్కారు ఆ పనికి ఆడమనిషిని మాత్రం పెట్టలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒకసారి జమాదారు నర్సింహులు, ఆమె మొగుడు, అన్నం తింటూ తింటూ అన్నాడు. "రేపు జర ఠాణాకు రా. ఒక ఆడమనిషిని చూడాలె. ఎంతసేపు, చెయ్యి కడుక్కున్నంత సేపు." అత్త పక్క నుంచి అందుకుంది. "వాడికి బువ్వొండుతవు, బట్టలు ఉతుకుతవు. గిదీ గసొంటిదే. మొగని నౌకరీల పెండ్లాం చెయ్యేస్తే తప్పేంది?" తప్పేమిటో బాలనాగమ్మకూ ఆనాడు తెలియలేదు. పోయింది. ఆ మనిషి కొప్పులో వెండి కడియం దొరికింది. ఆ రోజు మొగుడు మల్లెపూలు తెచ్చాడు. "ఏం చెయ్యి నీది, ముడతల ఉన్న ముక్కుపుడకనన్న పడ్తది" అని మెచ్చుకున్నాడు. ఆమె మురిసిపోయింది. నిజంగానే మురిసిపోయింది, ఆ మల్లెలు పెట్టుకుని అద్దంలో చూసుకుంది కూడా. ఇప్పుడు ఎప్పుడైనా ఆ అద్దం గుర్తొస్తే, పొయ్యి దగ్గర ఒక్కతే ఉన్నా సరే, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎందరు! సంతలో దొరికినవాళ్ళు, పొలాల్లో పట్టుబడినవాళ్ళు, ఏ పాపం ఎరగనివాళ్ళు. దొంగను పట్టడంలో నర్సింహులును మించినవాడు లేడని చుట్టుపక్కల పేరు. ఆ పేరు వెనక ఉన్న చేతులు ఎవరివో ఊళ్ళో ఆడవాళ్ళకు తెలుసు. బతుకమ్మను నీళ్ళలో విడిచాక గౌరమ్మ పసుపు తీసి ముత్తైదువలు ఒకరి పుస్తెలకు ఒకరు పూస్తారు కదా. పోయిన ఏడు ఈమె వేలికి పసుపు అద్దుకుని చెయ్యి చాపితే, పక్కింటావిడ పుస్తెలను గుప్పిట్లో దాచుకుని, "నాకైపోయింది లే" అని తప్పుకుంది. తర్వాతావిడకూ అయిపోయింది. అందరికీ అయిపోయింది. పసుపు వేలి మీదనే ఆరిపోయింది. అందుకే ఈ ఏడు ఊరికి పోవాలి. వీపనగండ్లలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. అమ్మకు అసలే తెలియదు. ఎలా చెప్తుంది? చెప్పలేకనే నాలుగేళ్ళుగా సాకులు పంపుతోంది.

"మీ బావకు సద్ది ఇచ్చి వస్తరా తమ్మీ" అని అబద్ధం చెప్పి గిన్నె పట్టుకుని బయలుదేరింది.

"దారి గడి ముంగల్నుంచే కదా. నేనే బండి కట్టుకోని ఆడికి వస్త, అట్లనే ఎక్కుదువు" అన్నాడు శ్రీశైలం. ఆమె అడుగు ఇంకా వేగంగా వేసింది.

కోటలాంటి ఆ దొర గడి లోపలి వాకిట్లో పండుగ కళ ఏమీ లేదు. దొర కుర్చీలో కూర్చుని మీసం నమలుతున్నాడు. దొరసాని నాగేంద్రమ్మ కాసులపేరు పొద్దున్నుంచి కనపడటం లేదు. దొర అడిగాడట, పెట్టె తీసి చూస్తే లేదట. రేపు దసరా నాడు ఆ పేరుతో దొరకు ఏం పని పడిందో గడిలో అందరికీ తెలుసు. ఆత్మకూరు నుంచి రెండో పెళ్ళాన్ని తెచ్చుకుంటున్నాడు. దొరసానికి పిల్లలు లేరు, కాసులపేరు మాత్రం బరువుగా ఉంది. దాన్ని కొత్తావిడ మెడలో వేద్దామని దొర ముచ్చట. గడిలో పనిచేసే ఆడవాళ్ళందరినీ గోడ వారగా కూర్చోబెట్టారు. ఇళ్ళ దగ్గర పేర్చాల్సిన బతుకమ్మలు పేర్చకుండానే ఉన్నాయి, పిల్లలు ఎదురుచూస్తుంటారు, ఏ ఒక్కతీ తల ఎత్తడం లేదు.

నర్సింహులు పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు. "మా పెద్ద అమీన్ సాబ్ ఊర్ల దౌరా మీద పోయిండు. ఆయన వచ్చేలోపల నేను పట్టిచ్చిన్ననుకో, నా పేరు పైదాకా పోతది. జర మంచిగ చూడు."

"తమ్ముడు బండి కట్టుకోని వచ్చిండు."

"అయినంక పో. నిన్నెవరు ఆపిండ్రు? గింత పనికి ముఖం ముడుచుకుంటవేంది?"

జొన్నలు పోసే కొట్టులోకి ఒక్కొక్కరినే పంపారు. ముందు ముసలి భీమమ్మ వచ్చింది. ఎవరూ చెప్పకముందే కొప్పు విప్పి, చీర కుచ్చిళ్ళు లాగేసింది. "చూడు బిడ్డా, చూడు. నా మొగడు సచ్చినంక ఈ ఒంటిని చూసినోళ్ళు లేరు. పండుగ పూట నువ్వన్న చూడు" అని నవ్వింది. ఆ నవ్వుకు బాలనాగమ్మ చెవులు వేడెక్కాయి. ముసలామె ఊరుకోలేదు. "ఏటేటా దొరసానమ్మ బతుకమ్మను నేనే పేరుస్త. ఈ ఏడు నన్ను ముట్టనియ్యలే. తలుపేసుకోని తానే పేర్చుకుంది. కోసుకొచ్చిన ఆకు సగం అట్లనే మిగిలిపాయె. దొరలకు దొరికినట్టు మనకేడ దొరుకుతది ఆకు? ఇయ్యి బిడ్డా, నా చీర ఇటియ్యి." బాలనాగమ్మ ఆ మాటలు సగమే విన్నది. బండి వచ్చేస్తుందనే ధ్యాసలో ఉంది.

ఆఖరుకు వచ్చింది పడుచుపిల్ల. లోపలికి వచ్చి, చీకటికి కళ్ళు అలవాటు పడగానే గుర్తుపట్టింది.

"నువ్వు బాలనాగక్కవు కదా? వీపనగండ్ల! నేనక్కా, తిమ్మమ్మను. మీ చేన్ల మా అమ్మ కలుపు తీసేది. గట్టు మీద నాకు నువ్వు బువ్వ పెడ్తుంటివి. ఈ నెలలనే గడిల పనికి వచ్చిన." ఆ పిల్ల మొహంలో ధైర్యం వచ్చింది. అమ్మయ్య, మన మనిషే అనుకుంది.

బాలనాగమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇప్పటిదాకా ఊరికీ తనకూ మధ్య బోలెడు దూరం ఉందనుకుంది. ఊరే నడిచి వచ్చి ఈ కొట్టులో తన ముందు నిలబడింది. ఈ పిల్ల వాళ్ళమ్మకు చెప్తుంది, ఆమె తన అమ్మకు చెప్తుంది. మొహం పక్కకు తిప్పుకుని, "ఆ ముచ్చట్లన్ని తర్వాత. విప్పు" అంది. తిమ్మమ్మ మొహంలో వచ్చిన వెలుగు అలాగే ఆగిపోయింది. చీరకు లోపలి వైపు మూడు మాసికలు ఉన్నాయి. జడ విప్పినప్పుడు పిల్ల కళ్ళు మూసుకుంది. బొడ్డుసంచిలో వేళ్ళు పెడితే గట్టిగా ఏదో తగిలింది. బెల్లం గడ్డ, ఇన్ని నువ్వులు. గడి వంటింటివే.

"మలీద ముద్దలకక్కా" అంది తిమ్మమ్మ, వినీ వినపడకుండా. "బతుకమ్మ ముందర పెట్టెతందుకు ఊర్ల మా ఇంట్ల ఏం లేదు. చెప్పకక్కా."

అప్పుడు బాలనాగమ్మ చేసిన పని ఎందుకు చేసిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు జవాబు దొరకలేదు. ఇన్నేళ్ళ అలవాటో, ఆ పిల్ల నోట అక్కా అన్న మాట వినలేకనో, త్వరగా ముగించి బయటపడాలనో. దొరికిందల్లా గడప దగ్గరున్న పళ్ళెంలో వేయడం రివాజు. ఆ బెల్లం గడ్డను పళ్ళెంలో వేసింది. అది ఇత్తడి మీద టంగుమని మోగింది.

బయట నర్సింహులు పళ్ళెం చూసి కళ్ళు చిట్లించాడు. "బెల్లం తీసిన చెయ్యి బంగారం తియ్యదా? ఈ పొద్దు పడకగది ఊడ్చింది కూడ ఇదేనట. దీన్ని ఠాణాకు నడిపియ్యి గోవిందూ. ఆడ నాలుగు పడితే అదే చెప్తది." గోడ వారగా ఉన్న ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లుమన్నారు. తిమ్మమ్మ ఏడవలేదు. విప్పిన జుట్టు ముడేసుకోవడం కూడా మరిచిపోయి బాలనాగమ్మ వైపు చూసింది. అంతే, చూసింది.

బాలనాగమ్మ చేతులు కడుక్కోవాలని వెనక వసారాలోకి పోయింది. నీళ్ళ గోలెం పక్కన తట్టెడు తంగేడాకు, తుంచిన గునుగు కాడలు కుప్పగా వాడిపోతున్నాయి. బతుకమ్మను ఎంత ఎత్తున పేరిస్తే నడుమ అంత గుంత వస్తుంది, ఆ గుంతలోకి ఆకు కుక్కాలి. ఏ ఇంట్లోనైనా ఆకు చాలక పక్కింటికి పరుగెత్తుతారు. మిగలడమేమిటి, ఆ గుంతలో ఇంకేదో ఉంటే తప్ప? భీమమ్మ మాటలు ఇప్పుడు పూర్తిగా వినపడ్డాయి. చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఠాణా వాళ్ళు గడ్డివాము పీకుతారు, ఆడదాని జుట్టు పీకుతారు. గౌరమ్మను నిలిపిన బతుకమ్మను మాత్రం ఎవరూ ముట్టరు.

పూజగదిలో బతుకమ్మ ముందు దొరసాని ఒక్కతే కూర్చుని ఉంది. బాలనాగమ్మ గడప దాటగానే తాంబాళానికి చెయ్యి అడ్డం పెట్టింది. "ముట్టకు!"

"ముట్టను దొరసానీ. ముట్టకుంటనే తెలిసింది."

దొరసాని అడ్డం పెట్టిన చెయ్యి తీసేసింది. ఇక దాచడం మానేసింది. "అది మా అమ్మ పెట్టింది. ఆయనది కాదు. సాయంత్రం నీళ్ళ కాడికి మా అక్క వస్తది. ఆడ మొగోళ్ళుండరు. పూలు నీళ్ళల్ల విడిచి, పేరు అక్క ఒళ్ళె వేస్త. కనపడతలేదు అంటే ఊకుంటడనుకున్న, ఠాణాకు మనిషిని పంపుతడని నాకేం తెలుసు? నువ్వూ ఆడిదానివే. నా కడుపుల మంట నీకు తెల్వదా?"

తెలుసు. అందుకే బాలనాగమ్మకు కోపం రాలేదు. "మరి తిమ్మమ్మ?" అంది.

"దానికేమైతది? రెండు దెబ్బలు పడ్తయ్. రేపటికి మరిచిపోతది. వాళ్ళకు గదంత అలవాటే."

ఆ మాట దొరసాని నోటి నుంచి వచ్చిందే గానీ బాలనాగమ్మకు అది పాత చుట్టమే. జుట్టు విప్పిన ప్రతిసారీ, చీర దులిపిన ప్రతిసారీ, తనకు తాను చెప్పుకున్న మాట అది. వాళ్ళకు అలవాటే. ఇంకొకరి నోట వింటే ఎంత నీచంగా ఉంది! బెల్లం పళ్ళెంలో వేసిన చేతిని చీరకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. దొరసాని సంగతి చెప్తే కాసులపేరు దొర చేతికి పోతుంది, ఆత్మకూరు ఆమె మెడకెక్కుతుంది. చెప్పకపోతే తిమ్మమ్మ ఠాణాకు పోతుంది. వెనుదిరిగి వాకిట్లోకి వచ్చింది.

గోవిందు తిమ్మమ్మ రెక్క పట్టుకుని ఉన్నాడు. గడి గేటు దగ్గర శ్రీశైలం బండి ఆపి, ఎడ్ల పగ్గాలు పట్టుకుని తొంగి చూస్తున్నాడు.

"ఆగు" అంది బాలనాగమ్మ. "జడ్తీ కాలేదు. ఇంక చూడనోళ్ళం ఇద్దరమున్నం. ఒకటి నేను, ఒకటి దొరసాని."

దొర కుర్చీలోంచి లేచాడు. నర్సింహులు పరుగున వచ్చాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఇంట్ల సొమ్ము పోతే ఇంట్ల ఉన్న ఆడోళ్ళందరిని చూడాలె అనేది నువ్వే గద. అందరి బట్టలు ముట్టిన నేను నా కొంగుల వేసుకుంటే ఎవరు చూసిండ్రు? ముందు నన్ను చూడమను. తిమ్మమ్మను చూడమను." అంటూనే వాకిటి నడుమ నేల మీద కూర్చుంది. బంతిపూలు తీసి పక్కన పెట్టింది. జడ పాయలు ఒక్కొక్కటే విప్పింది. పండుగ పూట, అంతమంది మొగవాళ్ళ ముందు, ముత్తైదువ జుట్టు విరబోసుకోవడం! దొర మొహం తిప్పుకున్నాడు. జవాన్లు నేలచూపులు చూశారు. "అక్కా, ఏందే ఇది?" అని గేటు దగ్గర నుంచి తమ్ముడి గొంతు వినపడింది. ఆమెకు చచ్చిపోవాలనిపించింది. అయినా చేతులు ఆగలేదు. ఇంతమంది చేత చేయించిన పని తన మీదికి వచ్చేసరికి ఇంత భారంగా ఉందేమిటి?

నర్సింహులు పళ్ళు కొరుకుతూ వంగాడు. "నా ఇజ్జత్ తీస్తున్నవ్. లెవ్వు. లోపలికి నడువు. ఇది నా హుకుం."

"హుకుం నౌకర్లకు. నేను నౌకర్ని గాదు. నాకు సర్కారు బిల్ల లేదు, జీతం లేదు. ఇయ్యాలటి సంది జడ్తీ చెయ్య. రా తిమ్మమ్మా, చూడు."

గోవిందు చెయ్యి వదిలాడు. తిమ్మమ్మ రెండడుగులు వేసి ఆగింది. ఒంటి మీద చీర ఇంకా సరిగా లేదు. బాలనాగమ్మ విప్పిన జుట్టును చూసింది, జమాదారును చూసింది.

"నేను చూడ. ఆ పని నేను చెయ్య" అంది.

ఎంత చిన్న మాట! తన్నులు తప్పవని తెలిసిన పిల్ల, కట్టుకోవడానికి మంచి చీర లేని పిల్ల, అంత సులువుగా అనేసింది. ఆ మాట అనొచ్చని ఇన్నేళ్ళలో తనకు ఒక్కసారి కూడా తోచలేదు. బాలనాగమ్మకు ఆ పూట పడిన సిగ్గులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మోకాళ్ళ మీద తల వాల్చుకుంది.

అప్పుడు గడప మీద గాజుల చప్పుడైంది. దొరసాని బతుకమ్మ తాంబాళాన్ని రెండు చేతులా ఎత్తుకుని వచ్చి నిలబడింది. "నన్ను జడ్తీ చెయ్యొద్దు. పేరు నా తాననే ఉన్నది. నేనే దాచిన. మా అమ్మ పెట్టిన పేరు ఆత్మకూరు దానికి ఇయ్య. రేపు మీరు పెండ్లి చేసుకోండ్రి, పది చేసుకోండ్రి. ఇది మాత్రం ఇయ్య" అంది. గేటు దగ్గర మూగిన ఊరి జనం, జవాన్లు, పనివాళ్ళు అందరూ విన్నారు. దొర ముందుకు రాబోయి ఆగాడు. ఆమె చేతిలో గౌరమ్మ ఉంది, లాక్కోలేడు. "ఇది ఇంటి సంగతి. ఠాణాకు పనిలేదు, పొండి" అని లోపలికి పోయాడు. పనివాళ్ళు తీస్తే దొంగతనం, దొరసాని తీస్తే ఇంటి సంగతి. అది మాత్రం ఎవరూ పైకి అనలేదు. దొరసాని తిమ్మమ్మ మొహం చూడకుండానే, "వంటింట్ల బెల్లం తీస్కో. మీ ఊరికి పో, పండుగ చేస్కో" అంది. ఆపైన ఎవరి కోసమూ ఆగకుండా తాంబాళం నెత్తికెత్తుకుని గేటు దాటింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పరుగెత్తారు. నర్సింహులు పెళ్ళాం వైపు చూడలేదు. "ఇంటికి రా, చెప్త" అని మాత్రం అన్నాడు.

బాలనాగమ్మ జుట్టు ముడేసుకుని, ముద్దల గిన్నె తీసుకుని బండి దగ్గరికి వచ్చింది. శ్రీశైలం ఎడ్ల పగ్గాలు సర్దుతూ తల దించుకున్నాడు. ఏమిటని అడిగి ఉంటే బాగుండేది. వెనకాల తిమ్మమ్మ బెల్లం లేకుండానే ఉత్త చేతులతో వస్తోంది.

"తిమ్మమ్మా, బండెక్కు. మన ఊరికే పోతున్నం. ఆటకు అందుతవు."

తిమ్మమ్మ బండిని చూసింది. ఊరి దారిని చూసింది. ఆశ కళ్ళలో కనపడుతూనే ఉంది. "నీ పక్కన కూసోని నేను రాలేనక్కా" అంది. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

బాలనాగమ్మ బండి చక్రం మీద వేసిన కాలు దించింది. గిన్నెను తిమ్మమ్మ చేతుల్లో పెట్టింది. పిల్ల వద్దనబోయి, లోపల మలీద ముద్దలు చూసి ఊరుకుంది. "నువ్వెక్కు. నేను ఎక్కను" అంది బాలనాగమ్మ.

"మరి అమ్మ?" శ్రీశైలం పగ్గాలు వదిలి దగ్గరికి వచ్చాడు. "కడపల కూసున్న అమ్మకు నేనేం చెప్పాలె? మల్ల ఏం సాకు చెప్పాలె?"

నాలుగేళ్ళ సాకులన్నీ నాలుక మీదికి వచ్చాయి. జ్వరమని చెప్పొచ్చు. అత్తకు బాగాలేదని చెప్పొచ్చు. తిమ్మమ్మ బండి చివర గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని కూర్చుంది.

"ఏ సాకూ చెప్పకు. నా సంగతి అడిగితే తిమ్మమ్మను అడగమను. ఆమె ఏం చెప్తే అదే నిజమని చెప్పు" అంది బాలనాగమ్మ. "అది విన్నంక కూడ రమ్మంటే, నడిచొస్త."